గ్యాస్ గీజర్ వెలగట్లేదా? ముందు చెవి పెట్టి వినండి

చలి ముదిరేసరికి ఈ శీర్షికకు గీజర్ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అందరి ఫిర్యాదూ ఒకటే: నీళ్లు వస్తున్నాయి, మంట రావడం లేదు. పైకి ఒకేలా కనిపించినా వీటి కారణాలు వేరు. అందుకే కొన్ని ఉత్తరాలను ఎంచుకుని కాస్త వివరంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది ఆరు లీటర్ల గ్యాస్ గీజర్, కొని మూడేళ్లయింది. వారం నుంచి నల్లా తిప్పితే అసలు చప్పుడే లేదు. సెల్లులు పోయిన నెలలోనే మార్చినం. మెకానిక్ వచ్చి చూసి బోర్డు పోయిందన్నడు. మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అప్పుడే వద్దండి. గీజర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దాకా వెళ్లేలోపు చూడాల్సినవి మూడున్నాయి.

నల్లా తిప్పగానే నీళ్లు గీజర్ అడుగున ఉన్న వాటర్ వాల్వులోకి వస్తాయి. అందులో అరచేతిలో పట్టేంత రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్నే డయాఫ్రమ్ అంటారు. నీటి ఒత్తిడికి అది ఉబ్బి ఒక పిన్నును జరుపుతుంది. పిన్ను జరిగితే పక్కనున్న మైక్రోస్విచ్ పనిచేస్తుంది. అప్పుడు బోర్డు మేలుకుని ఒకవైపు స్పార్క్ కొడుతూ, మరోవైపు గ్యాస్ దారిలో కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వును తెరుస్తుంది. మంట అంటుకున్నట్టు సెన్సర్ చెప్పాక స్పార్క్ ఆగుతుంది. మీ గీజర్‌లో స్పార్క్ చప్పుడే లేదంటే తప్పు గ్యాస్‌ది కాదు. సెల్లులు, నీళ్లు, స్విచ్, ఆఖరున బోర్డు. చూడాల్సిన వరస ఇది.

నెల కింద వేసిన సెల్లులైనా సరే, కొత్త జత వేసి చూడండి. టార్చిలో మినుకుమన్నంత మాత్రాన గీజర్‌కు సరిపోవు. ఒక్కోటి 1.5 వోల్టుల పెద్ద సైజు ఆల్కలైన్ సెల్లులు రెండూ ఒకేసారి మార్చాలి. పాతదొకటి, కొత్తదొకటి కలపొద్దు. చార్జింగ్ సెల్లులూ వద్దు, అవి ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి. ఆ పనిలోనే సెల్లుల డబ్బా లోపల వెలుతురు పెట్టి చూడండి. డబ్బా గీజర్ అడుగునే ఉంటుంది కాబట్టి పైపు నట్టు దగ్గర కారే చుక్క నేరుగా దానిమీదే పడుతుంది. స్ప్రింగుకు ఆకుపచ్చ చిలుమో, తెల్లటి పొడో పట్టి ఉంటే కొత్త సెల్లులు వేసినా కరెంటు అందదు. వెనిగర్‌లో తడిపిన దూదితో తుడిచి, సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పూర్తిగా ఆరాక సెల్లులు వేయండి.

తర్వాత నీళ్లు. గీజర్ వేడినీళ్ల నల్లా పూర్తిగా తిప్పి, లీటరు చెంబు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఇరవై సెకన్లకన్నా ఎక్కువ పడితే పిన్నును జరిపే బలం ఆ నీటికి లేదన్నమాట. బోరు నీళ్లున్న ఇళ్లలో మామూలుగా దొరికే దొంగ ఇన్‌లెట్ జాలి. చల్లనీళ్లు గీజర్‌లోకి వెళ్లే నట్టు విప్పితే, వాషర్ వెనకాల వేలిగోరంత జాలి కనిపిస్తుంది. సున్నం, ఇసుక పట్టి అది మూసుకుపోతుంది. గంటసేపు వెనిగర్‌లోనో నిమ్మఉప్పు నీళ్లలోనో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి పెట్టండి. మీరు ట్యాంకు కిందనే పై అంతస్తులో ఉంటే జాలి శుభ్రం చేసినా చాలకపోవచ్చు. గీజర్ పట్టీ మీద కనీస నీటి ఒత్తిడి రాసి ఉంటుంది. 0.025 ఎంపీఏ (మెగాపాస్కల్) అని ఉంటే ట్యాంకు అడుగు, గీజర్‌కు దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలని అర్థం. అంత లేనిచోట చిన్న ప్రెషర్ పంపు పెట్టాల్సిందే.

ఈ రెండూ బాగుంటే మెకానిక్ ఎదుటే ఈ పరీక్ష చేయించండి. రెగ్యులేటర్ కట్టేసి, గీజర్ ముందు మూత తీసి, నల్లా తిప్పి పిన్నును చూడాలి. నీళ్లు జోరుగా పారుతున్నా పిన్ను కదలకపోతే డయాఫ్రమ్ చిరిగిందో, గట్టిపడిందో అయ్యుంటుంది. అది చవక సామాను. పిన్ను కదిలినా స్పార్క్ రాకపోతే మైక్రోస్విచ్ మీటను వేలితో ఆడించి చూడమనండి. చేత్తో ఆడిస్తే స్పార్క్ వచ్చిందా, బోర్డు నిక్షేపంగా ఉన్నట్టే. కొత్త సెల్లులతో, స్విచ్ వైర్లు సరిగ్గా ఉండగా, అప్పటికీ స్పార్క్ రాకపోతేనే బోర్డు మాట.

ప్రశ్న: సిలిండర్ మార్చిన దగ్గర్నుంచి టకటకమని స్పార్క్ కొడుతోంది గానీ మంట రావట్లేదు. రెండుసార్లు మాత్రం ధబ్బుమని పెద్ద శబ్దంతో అంటుకుంది. మా వాడు అగ్గిపుల్ల పెట్టి వెలిగిస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అగ్గిపుల్ల మాట ఎత్తనీయకండి. గ్యాస్ ముందుగానే లోపల పోగై ఉంటే మంట ముఖం మీదికి వస్తుంది. ఆ ధబ్బు శబ్దం కూడా అదే చెబుతోంది: గ్యాస్ పోగైన తర్వాత ఆలస్యంగా అంటుకుంటోంది. కారణం తేలేదాకా, కింద చెప్పే పరీక్షలకు తప్ప గీజర్ వాడకండి.

సిలిండర్ మార్చాక పైపులో గాలి మిగలడం మామూలే. నల్లా కట్టేసి, నిమిషం ఆగి, మళ్లీ తిప్పాలి. ఇలా నాలుగైదుసార్లకు గాలి పోతుంది. అంతకు మించి ప్రయత్నించొద్దు. మధ్యలో ఆ నిమిషం ఆగడం తప్పనిసరి. రెగ్యులేటర్ తీసి, సిలిండర్ మూతి లోపలి రబ్బరు వాషర్ సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కి బిగించండి.

ఇప్పుడు రెగ్యులేటర్ కట్టేసి, నల్లా తిప్పి చెవి పెట్టి వినండి. స్పార్క్ టకటకల మధ్య, మొదట్లోనే ఒక్కసారి బరువైన ‘ఠక్’ వినపడాలి. అది సోలెనాయిడ్ తెరుచుకున్న చప్పుడు. ఆ ఠక్ లేకుండా స్పార్క్ మాత్రమే వస్తుంటే ముందు సెల్లులనే అనుమానించండి. దిగిపోయిన సెల్లులు స్పార్క్ కొట్టగలవు గానీ సోలెనాయిడ్‌ను లాగి తెరిచే సత్తువ వాటికుండదు. చాలామంది స్పార్క్ వస్తోంది కాబట్టి సెల్లులు బాగున్నాయనుకుని ఇక్కడే పొరబడతారు. కొత్త సెల్లులతోనూ ఠక్ రాకపోతే కాయిల్ పోయిందో, వైరు ఊడిందో చూడాలి.

ఠక్ వస్తోంది, గ్యాస్ వస్తోంది, అయినా ఆలస్యంగా అంటుకుంటోంది అంటే చూపు ఎలక్ట్రోడ్ మీద, అంటే స్పార్క్ కొట్టే సూది మీద పెట్టాలి. రెగ్యులేటర్ కట్టేసే ఉంచి, లైటు తీసేసి, గీజర్ ముందున్న కిటికీలోంచి చూస్తే నీలి స్పార్క్ ఎక్కడ దూకుతోందో తెలుస్తుంది. అది సూది మొన నుంచి బర్నర్ మీదికే దూకాలి. మధ్య ఎడం మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లలు రెండో మూడో కలిపి పెట్టినంత. సూది చుట్టూ ఉన్న తెల్ల పింగాణీ పగిలితే స్పార్క్ పక్కనున్న రేకులోకి పోతుంది, గ్యాస్ దాకా చేరదు. చాలాకాలం వాడకుండా వదిలేసిన గీజర్లలో బర్నర్ గొట్టాల్లో సాలెగూడు కూడా ఉంటుంది. మెకానిక్ బర్నర్ ఊడదీసి బ్రష్షుతో శుభ్రం చేయాలి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం వెతకడం ఆపండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలబారున పోగవుతుంది. తలుపులు కిటికీలు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. నారింజ రంగు సురక్షా పైపు వయసు కూడా చూసుకోండి, ఐదేళ్లు దాటితే మార్చాలి. పొయ్యి పైపును కోసి టీ జాయింటు పెట్టి గీజర్‌కు ఇచ్చే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న: మంట వచ్చి ఐదారు సెకన్లకే ఆరిపోతోంది. రెండు మూడుసార్లు కుళాయి తిప్పితే నిలుస్తుంది. గీజర్ బాత్రూంలోనే ఉంది. ఈ మధ్య అత్తయ్యగారు స్నానం చేసి రాగానే తలనొప్పిగా ఉందంటున్నారు, బీపీ అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మంట సంగతి తర్వాత చెబుతాం. ఆ గీజర్‌ను ఈ రోజు నుంచే ఆపేయండి. మూసిన బాత్రూంలో గ్యాస్ మండితే గాలిలో ఆక్సిజన్ తగ్గి, సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోవడం దాని తొలి గుర్తులు. అత్తయ్యగారిని డాక్టరుకు చూపించేటప్పుడు గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో స్నానం చేశాక ఇలా అవుతోందని తప్పక చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ విషాన్ని పసిగట్టలేదు, అంకె మామూలుగానే చూపిస్తుంది. లోపల ఎవరైనా పడిపోతే తలుపు తీసి ముందు బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి.

గీజర్‌ను బాల్కనీలోనో, గాలాడే బయటి గోడకో మార్పించి, వేడినీళ్ల పైపు మాత్రమే బాత్రూంలోకి తెచ్చుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఫ్యాన్ వేయడం మరిచిన ఒక్క రోజు చాలు.

ఇక ఆరిపోవడం. బర్నర్ దగ్గర రెండు సూదులుంటాయి. ఒకటి స్పార్క్ కొట్టేది, రెండోది మంటలో మునిగి ఉండే సెన్సర్. మంట గుండా పారే అతి చిన్న కరెంటును బట్టి బోర్డు మంట ఉందని తెలుసుకుంటుంది. సెన్సర్‌కు మసి పట్టినా, వైరు వదులైనా, వంగి మంటకు ఎడమైనా, బోర్డు మంట లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. రెగ్యులేటర్ కట్టేసి, చల్లారాక, జీరో నంబరు గరుకు కాగితంతో సూదిని మెల్లగా రుద్ది, వైరును గట్టిగా గుచ్చితే చాలాసార్లు సరిపోతుంది. మంట నీలంగా లేక పసుపుగా ఉంటే సెన్సర్ మళ్లీ మసిబారుతుంది. అప్పుడు బర్నర్, పైనున్న రాగి రెక్కలు కూడా శుభ్రం చేయించాలి. ఇరవై నిమిషాలకు కచ్చితంగా ఆరిపోతుంటే మాత్రం అది జబ్బు కాదు, చాలా మోడళ్లలో రక్షణకు పెట్టిన టైమర్.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మంచు కురిసిన రాత్రి తెల్లారేసరికి ఇంటిని వేడిచేసి, వేడినీళ్లూ ఇచ్చే కాంబి బాయిలర్ వెలగలేదు. గుడగుడమని శబ్దం చేసి ఎర్రర్ చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: మంచు, గుడగుడ శబ్దం కలిసి వచ్చాయంటే కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉంటుంది. బాయిలర్ నుంచి గోడ బయటికి వచ్చి డ్రెయిన్‌లోకి దిగే ప్లాస్టిక్ పైపు అది. పొగలోని ఆవిరి నీరై అందులోంచి పోవాలి. దారి మూసుకుపోతే నీరు బాయిలర్‌లోకే ఎగదన్ని మంటను అడ్డుకుంటుంది. మరిగే నీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లు పైపు మీద, ముఖ్యంగా వంపుల దగ్గర పోయండి. కరిగాక రీసెట్ నొక్కండి. ఎత్తున ఉంటే నిచ్చెన ఎక్కొద్దు, కింద మంచు మీద నిచ్చెన జారుతుంది.

అప్పటికీ వెలగకపోతే ప్రెషర్ గేజ్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి. తగ్గితే ఫిల్లింగ్ లూప్‌తో, అంటే బాయిలర్‌లోకి నల్లా నీళ్లు ఎక్కించే గొట్టంతో నింపుకోవచ్చు. గ్యాస్‌కు ప్రీపెయిడ్ మీటరైతే అందులో డబ్బులున్నాయో లేదో, ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంటే అది వెలుగుతోందో లేదో చూడండి. వెయిలెంట్ కంపెనీ బాయిలర్లలో ఎఫ్28, పాత వూస్టర్ బాష్ బాయిలర్లలో ఈఏ అనే ఎర్రర్ కోడ్ మంట అంటుకోలేదనో, మంట కనపడలేదనో చెబుతాయి. రీసెట్ రెండుసార్లకు మించి నొక్కొద్దు. బాయిలర్ మూత మీరు విప్పకండి. అక్కడ గ్యాస్ పనిచేసేవారు చట్టప్రకారం గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో ఉండాలి, వచ్చినతని కార్డు అడిగి చూడండి. గ్యాస్ వాసనొస్తే 0800 111 999. ఆ పైపుకు నీరు తగలని ఫోమ్ తొడుగు వేయిస్తే మళ్లీ గడ్డకట్టే బెడద తగ్గుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటుకు పైపు గ్యాస్ వచ్చింది. పాత గీజర్‌ను దానికి కలిపితే స్పార్క్ కొడుతుంది, మంట మాత్రం మినుకుమని ఆరిపోతుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ గీజర్ ఎల్పీజీది. పైపులో వచ్చేది సహజవాయువు. ఒకే పరిమాణంలో ఎల్పీజీ ఇచ్చే వేడిలో అది సగం కూడా ఇవ్వదు, పైగా ఒత్తిడి కూడా తక్కువ, 30 మిల్లీబార్లకు బదులు దాదాపు 21. బర్నర్‌లోకి గ్యాస్ వదిలే ఎల్పీజీ జెట్ల సన్న రంధ్రాల్లోంచి సరిపడా గ్యాస్ రాదు. జెట్ల రంధ్రాలు పెద్దవి చేస్తామనే వాళ్లకు గీజర్ ఇవ్వకండి. ముందు దాన్ని పైపు నుంచి విడదీయించి, ఆ చివరను గ్యాస్ సంస్థ మనిషితో మూయించండి. సహజవాయువుకు చేసిందని పట్టీ మీద రాసి ఉన్న కొత్త గీజర్ తీసుకోండి. పాతది ఐఎస్ఐ గుర్తుతో, మంచి స్థితిలో ఉంటే సిలిండర్ వాడే చుట్టాలింటికి పనికొస్తుంది.