కుక్కకు వేసిన యాంటీబయాటిక్ బిళ్ల పిల్లికి వేయొచ్చా?

ప్రశ్న: మా రొయ్యల చెరువు దగ్గర కాపలా కుక్కకు మూడేళ్లు, 20 కిలోలు ఉంటుంది. నాలుగు రోజులుగా జ్వరం, తిండి ముట్టడం లేదు, ఒళ్లంతా పిడుదులు. మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసినా తగ్గలేదు. ఇంట్లో మూడు కిలోల పిల్లికి మెడ మీద చీముగడ్డ లేచింది. కుక్కకు లోగడ వాడగా మిగిలిన ఎన్రోఫ్లాక్సాసిన్ 150 మి.గ్రా. బిళ్ల సగం వేయొచ్చా?
– ఒక రైతు, రాజోలు మండలం

జవాబు: ముందు పిల్లి సంగతి. ఆ సగం బిళ్ల దయచేసి వేయకండి. పిల్లికి ఈ మందు కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు. మీ పిల్లికి 15 మి.గ్రా. సరిపోయే చోట 75 పడుతుంది. మోతాదు మించితే కంటి లోపలి పొర దెబ్బతిని చూపు పోవచ్చు, పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. పైగా చీముగడ్డకు బిళ్ల కన్నా ముందు కావలసింది చీము తీసి కడగడం. ఆ పని పశువైద్యశాలలో చేయించండి. నొప్పి తగ్గాలని పారాసెటమాల్ మాత్రం అస్సలు వద్దు, అది పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇక కుక్క. పిడుదులు, జ్వరం, తిండి మానేయడం చూస్తే పిడుదుల జ్వరం (ఎర్లిఖియా) అనుమానించాలి. ఈ క్రిమి తెల్ల రక్తకణాల లోపల దాక్కుంటుంది. అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయదు, మరో వారం వేసినా అంతే. రేపే తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. అదే జబ్బని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ రాస్తారు, కిలోకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున, అంటే మీ కుక్కకు 200 మి.గ్రా., 28 రోజులు. ఒకటి రెండు రోజుల్లోనే లేచి తిరుగుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ పడకేసిన కుక్కను తీసుకొస్తారు. కోర్సు పూర్తి చేయండి. బిళ్లను అన్నంలో పెట్టి ఇవ్వొచ్చు, పాలతో వద్దు, మందు సరిగా ఒంటబట్టదు. పిడుదుల మందు కూడా అడగండి.

స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం. షాపువాళ్లు ఇచ్చినా మీరు తీసుకోకండి. మిగిలిన ఎన్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు చెరువులో గానీ పంట కాలవలో గానీ పారేయకండి. రొయ్యల సాగులో ఈ రకం మందులు నిషేధం. అవశేషం బయటపడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. వాటిని పశువైద్యశాలలోనే అప్పగించండి.