కాటలినా కిటికీ దగ్గర

రెండో ప్రపంచ యుద్ధంలో గస్తీ తిరిగిన ఫ్లయింగ్ బోట్లకు, అంటే నీటి మీద దిగి నీటి మీదే తేలే విమానాలకు, ఆయుధాలు ఏముండేవి, వాటితో ఏం చేసేవారు అని అడిగారు. తుపాకుల సంగతి ముందు చెప్పేస్తాను. అమెరికా వాళ్ల కాటలినాకు మామూలుగా ముక్కులో ఒకటో రెండో చిన్న మెషిన్‌గన్‌లు, తోక కింద ఇంకొకటి, నడుముకు రెండు పక్కలా గాజు బుడగల్లాంటి కిటికీల్లో పెద్ద గన్ను ఒక్కొక్కటి. రెక్కల కింద సుమారు 1,800 కిలోల బాంబులో, జలాంతర్గాముల మీద వేసే డెప్త్ ఛార్జీలో పట్టేవి. బ్రిటిష్ వాళ్ల సండర్లాండ్‌కు తోకలోనే నాలుగు గన్నులు.

అందరూ ఈ లెక్కల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే వాటి అసలు ఆయుధం ఆ గాజు బుడగే. పదకొండేళ్లు తూర్పు తీరం గస్తీ విమానంలో కిటికీ దగ్గర కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి తుఫాను వెలిశాక, కాకినాడ వైపు బోటు ఒకటి తిరిగి రాలేదంటే వెతకడానికి వెళ్లాం. నాలుగు గంటలు నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎండ నీటి మీద పడి కళ్లు మండిపోతాయి, ప్రతి నురుగూ పడవలాగే ఉంటుంది. ఇక వెనక్కి తిరుగుదాం అనుకుంటుండగా కింద ఏదో కదిలింది. నీలం బరకం! పట్టుకుని ఊపుతున్నారు కాబట్టి కంటపడింది, లేకపోతే ఆ నీళ్లలో కలిసిపోయేదే. ఐదుగురూ బతికే ఉన్నారు. బోటులో నారింజ రంగు బరకం పెట్టుకోండి బాబూ అని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

మాది నాలుగు గంటలే. కాటలినా వాళ్లకు గంటకు 200 కిలోమీటర్ల చొప్పున పన్నెండు, పద్దెనిమిది గంటలు మామూలు. 1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుంచి లేచిన కెనడా వైమానిక దళం కాటలినాకు దూరంగా ఓడలు కనిపించాయి. అది జపాన్ విమానవాహక నౌకల దళం. పైలట్ బర్చాల్ దగ్గరికి పోయి చూశాడు. కబురు పంపుతుండగానే జపాన్ వాళ్ల జీరో యుద్ధ విమానాలు కూల్చేశాయి. తొమ్మిది మందిలో ముగ్గురు పోయారు, మిగిలినవాళ్లు ఖైదీలయ్యారు. కానీ కొలంబోకు కబురు అందింది.

ఏప్రిల్ 6న జపాన్ వాళ్ల మరో దళంలోని ర్యూజో నౌక విమానాలు మా విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా స్కూల్లో యుద్ధం పాఠమంతా హిట్లరే. మా రేవు మీద పడిన బాంబుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఏడాదే మద్రాసు రెడ్‌హిల్స్ చెరువులో కూడా కాటలినాలు దిగడం మొదలుపెట్టాయి.

ఇక ప్రాణాలు కాపాడిన పని. 1945 ఆగస్టు 2న, మునిగిపోయిన అమెరికా యుద్ధనౌక ఇండియానాపోలిస్ నావికుల కోసం అమెరికా పైలట్ మార్క్స్ తన కాటలినాను నడిసముద్రంలో అలల మీద దించాడు. 56 మందిని ఎక్కించుకున్నాడు. లోపల చోటు చాలక కొందరిని రెక్కల మీద పడుకోబెట్టి పారాచూట్ తాళ్లతో కట్టారు. ఆ విమానం మళ్లీ లేవలేకపోయింది. రాత్రి ఓడ వచ్చేదాకా వాళ్లందరినీ మోస్తూ నీటి మీదే తేలింది.