జాఫ్నాలో చవక బసలు: ముందు గేటు, తాళం, నీళ్ళు, ఆ తర్వాతే మందుపాతరలు

మీరడిగింది ఇదీ: చెన్నై మీదుగా శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళి, డార్మిటరీలోనో చవక గెస్ట్‌హౌస్‌లోనో నాలుగైదు రోజులు ఉండాలనుకుంటున్నారు. యుద్ధం జరిగిన ఊరు, ఒంటరి ఆడపిల్ల, ఫర్వాలేదా అని.

ఫర్వాలేదండీ. శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం 2009 మేలో ముగిసింది. 2014 అక్టోబర్‌లో కొలంబో రైలు మళ్ళీ జాఫ్నా దాకా వచ్చింది, 2019లో పలాలి విమానాశ్రయం అంతర్జాతీయమైంది. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు భయపడేది ఒకదానికి, దెబ్బతినేది ఇంకోదానికి. బాంబుల గురించి పదిసార్లు అడుగుతారు, రాత్రి గేటు ఎవరు తీస్తారని ఒక్కసారీ అడగరు. అందుకే ముందు బస సంగతి చెప్తాను.

జాఫ్నాలో చవక బస అంటే మూడు రకాలు. బస్టాండు చుట్టూ, ఆసుపత్రి రోడ్డు, కస్తూరియార్ రోడ్డు వైపు ఉండే లాడ్జీలు ఒకటి. వ్యాపారం మీద వచ్చిపోయేవాళ్ళు, తాగడానికి గది తీసుకునేవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళు ఒక రాత్రి సర్దుకోవచ్చు, మీకు మాత్రం వద్దంటాను. రెండోది నల్లూరు, చుండికుళి, పాత పార్కు వైపు ఉన్న ఇళ్ళు. యుద్ధకాలంలో కుటుంబంలో సగం కెనడాకో లండన్‌కో వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు పైభాగం బాగుచేసి గదులు అద్దెకిస్తున్నారు. ఇంటావిడ కిందే ఉంటుంది, పొద్దున్న ఇడియాప్పం, సొది (పల్చటి కొబ్బరిపాల పులుసు) పెడుతుంది. మూడోది అచ్చమైన హాస్టల్, బంకు మంచాలతో. ఇవి తక్కువే, మంచానికి రోజుకి సుమారు 5 నుంచి 10 డాలర్లు. ఆడవాళ్ళకి విడి డార్మ్ అన్నిచోట్లా ఉండదు. అది లేకపోతే రెండో రకంలో ఫ్యాన్ గది తీసుకోండి. ఖర్చు కొంచెమే తేడా, నిద్ర మాత్రం చాలా తేడా.

బుక్ చేసే ముందు వాట్సాప్‌లో ఓనర్‌ని నాలుగు ప్రశ్నలడగండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, వేశాక తీసేదెవరు? రాత్రిపూట ఇంటివాళ్ళెవరైనా అక్కడే పడుకుంటారా? గదికి లోపలి గడియ ఉందా? తాగేనీళ్ళు ఎక్కడివి? జవాబు సూటిగా వస్తే సగం పని అయినట్టే. "నో ప్రాబ్లమ్, అన్నీ ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకోచోట చూసుకోండి. శ్రీలంక పర్యాటక అభివృద్ధి సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా అనీ అడగండి. లేనంత మాత్రాన చెడ్డ ఇల్లు అనుకోనక్కర్లేదు, కానీ ఉంటే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉన్నట్టు. రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత మూడు నెలలవే చదవండి. ఇక్కడ ఇళ్ళు తరచూ చేతులు మారుతుంటాయి, రెండేళ్ళ కిందటి మెప్పు పాత ఓనర్‌ది కావచ్చు.

గేటు మీద ఇంత పట్టు ఎందుకంటే: జాఫ్నాలో ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా కొట్లు మూసేస్తారు, సందుల్లో వీధిదీపాలు అంతంతమాత్రం, కుక్కలు గుంపులుగా తిరుగుతాయి. పదింటికి గేటుకి గొలుసు పడుతుంది. కొలంబో నుంచి వచ్చే రాత్రి బస్సులు తెల్లవారుజామున నాలుగు, ఐదింటికే దింపేస్తాయి. ఆ వేళ మీరు ఇనప గేటు బయట, కుక్కలు మీ చుట్టూ, ఓనర్ ఫోన్ సైలెంట్‌లో. పగటి రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారు, ఈ గొడవే ఉండదు. జాఫ్నాకి వచ్చే పెద్ద రోడ్డు ఏ9 మీద రాత్రి డ్రైవర్ల వేగం కూడా నాకు నచ్చదు. చెన్నై విమానమో, నాగపట్నం నుంచి కాంకేసన్‌తురై ఓడో అయితే పగలే దిగుతారు. ఓడ మాత్రం సముద్రాన్ని బట్టి ఆగిపోతుంటుంది, వెనక్కి రావడానికి దాన్నే నమ్ముకోకండి.

గదిలోకి వెళ్ళగానే కిటికీలు చూడండి. పాత ఇళ్ళకి కిటికీలన్నిటికీ బిగించేసిన ఇనప ఊచలుంటాయి. దొంగలు రారు, నిజమే, కానీ మెట్ల దగ్గర నిప్పంటుకుంటే మీరూ బయటికి పోలేరు. కాబట్టి పై అంతస్తు గది అయితే రెండో దారి ఉండాలి: బాల్కనీయో, వెనక మెట్లో, ఊచల్లేని ఒక్క కిటికీయో. రాత్రి వరండా గ్రిల్లుకి లోపలినుంచి తాళం వేస్తే తాళంచెవి ఏ మేకుకి తగిలిస్తారో చూపించమనండి. ఇది అడగడానికి మొహమాటపడకండి, యుద్ధం చూసిన ఇంటివాళ్ళు నవ్వరు, చూపిస్తారు.

లాకర్‌కి తాళం మీరే తీసుకెళ్ళాలి. 40 మిల్లీమీటర్ల ఇత్తడి తాళం చాలు. దాని కొక్కెం సుమారు 6 మిల్లీమీటర్లుంటుంది, మామూలు లాకర్ గొళ్ళెం రంధ్రంలో పడుతుంది. అంతకన్నా పెద్దది కొంటే దూరదు, సూట్‌కేసుల తాళం వేస్తే పట్టకారుకే తెగిపోతుంది. తలుపు కింద దూర్చే రబ్బరు డోర్‌స్టాపర్ ఒకటి సంచిలో వేసుకోండి, గడియ వదులుగా ఉన్న గదిలో దానికి మించింది లేదు. మన ప్లగ్గులు పాత సాకెట్లలో పడతాయి, కొత్త సాకెట్లు చదరపు మూడు పుల్లలవి, అడాప్టర్ కావాలి. పాస్‌పోర్ట్ చూపించి నంబరు రాయించండి, జిరాక్స్ ఇవ్వండి, అసలుది మాత్రం కౌంటర్‌లో వదిలిపెట్టకండి.

నీళ్ళ సంగతి చాలామంది చెప్పరు. జాఫ్నా ద్వీపకల్పంలో ఏడాదంతా పారే నది లేదు. కింద సున్నపురాయి, ఊరంతా బావులే ఆధారం. పొలాల ఎరువులూ మరుగుదొడ్ల గుంటలూ ఆ రాతి పగుళ్ళలోంచి నేరుగా బావుల్లోకి దిగుతాయి, అందుకే నైట్రేట్ ఎక్కువ. నైట్రేట్ కాచినా పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. చున్నాకం వైపు ఒక దశలో బావుల్లో నూనె కూడా తేలింది. ఇంటావిడ "మరిగించిన నీళ్ళే అమ్మా" అంటే క్రిములకి సరే, దీనికి సరిపోదు. ఆర్వో నీళ్ళో, సీలున్న బాటిలో తాగండి. స్నానానికి బావినీళ్ళు చాలు. అక్టోబర్ నుంచి జనవరి దాకా వానలు, వాటితోపాటు డెంగ్యూ. దోమతెర చిరిగి ఉంటే గది మార్చమనండి. మలేరియా భయం మాత్రం లేదు, 2016లోనే శ్రీలంకకి మలేరియా లేని దేశంగా గుర్తింపు వచ్చింది.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి అప్పుడే బోధనాసుపత్రికి వెళ్ళండి. ఊరి నడిబొడ్డున ఉంటుంది, మన దగ్గర పెద్దాసుపత్రి అన్నట్టే అక్కడా 'పెరియాస్పత్తిరి' అంటారు. అంబులెన్స్ నంబరు 1990, పోలీసులకి 119. ఆ 1990 మనకి కొత్తేం కాదు, హైదరాబాద్‌లో మొదలైన 108 నమూనాలోనే భారత ప్రభుత్వ సాయంతో అక్కడ పెట్టారు. 2018లో ఉత్తర ప్రాంతానికీ వచ్చింది. డబ్బు తీసుకోరు. జాఫ్నాలో మన కాన్సులేట్ కూడా ఉంది, దాని నంబరు కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫోన్ పోతే ఫోన్‌లో ఉన్న నంబరూ పోయినట్టే.

ఇక యుద్ధం మిగిల్చినవి. ఊళ్ళో, బీచ్‌ల దగ్గర, గుళ్ళ దగ్గర, పెద్ద రోడ్ల మీద మందుపాతరల భయం లేదు. భయమున్నది ఏ9 మీద ముగమాలై చుట్టుపక్కల, ఆపైన కిళినొచ్చి, ముల్లైత్తీవు జిల్లాల అంచుల్లో. ముగమాలై ఏళ్ళ తరబడి సైన్యానికీ పులులకీ మధ్య ముందువరస. పాతినవాటిలో ప్లాస్టిక్ డబ్బావీ చెక్కపెట్టెవీ ఎక్కువ, లోహం బహుకొద్ది. డిటెక్టర్ సరిగా పలకదు, మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం తవ్వాలి. అందుకే ఇన్నేళ్ళు పట్టింది, మందుపాతరల నిషేధ ఒప్పందం కింద దేశం పెట్టుకున్న గడువు 2028. ప్రయాణికులు తప్పుచేసేది ఒక్కచోటే: స్కూటర్ ఆపి, తాటితోపులోకి నాలుగడుగులు వేస్తారు, ఫొటోకో, ఇంకోదానికో. వెళ్ళకండి. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు, ఎర్ర రంగు కర్రలు కనిపిస్తే అటువైపు అడుగే వేయొద్దు. తమిళంలో 'మిదివెడి' అన్న మాట గుర్తుపెట్టుకోండి, తొక్కితే పేలేది అని. వానాకాలంలో వరదకి ఇసుక కదులుతుంది, బోర్డు లేదు కాబట్టి భయం లేదనుకోకూడదు. పొరపాటున లోపలికి వెళ్ళారనిపిస్తే ఆగిపోండి. మీ పాదముద్రలు కనిపిస్తుంటే వాటిలోనే అడుగువేసి వెనక్కి రండి. కనిపించకపోతే కదలకుండా నిలబడి కేకేయండి, 119కి ఫోన్ చేయండి. ఇనప ముక్కలేవీ జ్ఞాపకంగా ఏరుకోవద్దు.

రెండోది కెమెరా. క్యాంపులు, చెక్‌పోస్టులు, నేవీ పడవలు, పలాలి పరిసరాలు తీయకూడదు. డ్రోన్‌కి ముందస్తు అనుమతి కావాలి, లేకుండా ఎగరేస్తే ట్రిప్పు పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది. పులుల గుర్తులున్న జెండా, చొక్కా, స్టిక్కర్ ఏదీ కొనొద్దు, దగ్గర ఉంచుకోవద్దు.

మూడోది నోరు. మనవాళ్ళు ఇక్కడే తడబడతారు. ఇండియా నుంచి అనగానే ఆదరిస్తారు, కానీ 1987 నుంచి 1990 దాకా మన శాంతిదళం అక్కడ ఉన్న సంగతి ఎవరూ మరవలేదు. మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పానో ఆ ఆవరణలోనే 1987 దీపావళి నాడు ఆ దళం కాల్పుల్లో రోగులూ డాక్టర్లూ నర్సులూ చనిపోయారు. ఇంటివాళ్ళు మొదలుపెడితే వినండి, మీరై తవ్వకండి. జాలర్లతో మాట్లాడితే మన వైపు ట్రాలర్ల మీద కోపం వినిపిస్తుంది, వాదించొద్దు. పెద్దవాళ్ళని అమ్మా, అయ్యా, ఈడువాళ్ళని అక్కా, అన్నా అంటే అక్కడా చెల్లుతుంది. మే 18, నవంబర్ 27 సంస్మరణ దినాలు. ఆ వారంలో పోలీసులూ సైన్యమూ ఎక్కువ కనిపిస్తారు, మీ జోలికి రారు, పాస్‌పోర్ట్ జిరాక్స్ దగ్గర ఉంచుకోండి చాలు. హర్తాళ్ పిలుపు వస్తే మాత్రం కొట్లూ బస్సులూ అన్నీ బంద్. ఒకరోజుకి సరిపడా బిస్కెట్లు, నీళ్ళు, నగదు గదిలో ఉండాలి. యూపీఐ పెద్ద షాపుల్లో పనిచేయొచ్చు, చిన్న హాస్టల్లో దాన్ని నమ్ముకోవద్దు.

తిరగడానికి సైకిల్ అద్దెకి తీసుకోండి, ఊరంతా చదునే. స్కూటర్‌కి మన లైసెన్స్ ఒక్కటే చెల్లదు, అంతర్జాతీయ పర్మిట్‌కి అక్కడి గుర్తింపు వేయించుకోవాలి, లేదా తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. కాగితం లేకుండా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేస్తుంది. డెల్ఫ్ట్, నైనాతీవు దీవులకి వెళ్ళే పడవలకి పాస్‌పోర్ట్ నంబరు చెప్పాల్సి రావచ్చు. లైఫ్ జాకెట్ అడిగి తీసుకుని వేసుకోండి, పడవ కిక్కిరిసి ఉంటే తర్వాతది ఎక్కండి, కానీ ఆఖరి పడవ ఎన్నింటికో ముందే కనుక్కోండి.

వీసా విషయంలో ఒక్క మాట. ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) రుసుము నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రభుత్వ సైట్‌లోనే చూడండి. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటనల్లో దాన్ని పోలిన ప్రైవేటు సైట్లు ఉంటాయి, రెట్టింపు లాగుతాయి.

బుకింగ్ మొదటి రెండు రాత్రులకే చేయండి. దిగిన రోజు సాయంత్రం సైకిల్ మీద వెళ్ళి ఇంకో రెండు ఇళ్ళు చూసి, నచ్చితే మారండి. బుక్ చేసిన ఇంటి దగ్గరికి వెళ్ళాక "ఇక్కడ గది లేదు, మా చుట్టాల ఇంట్లో ఇస్తాం" అంటే, ఆ ఇల్లు చూసి గేటు, గడియ, కిటికీ సరిపోతేనే సంచి దించండి. నల్లూరు కందస్వామి గుడి ఉత్సవాలప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. 25 రోజులపాటు, ఎక్కువగా ఆగస్టులో, గదులు దొరకవు, అద్దెలు పెరుగుతాయి, గుడి చుట్టూ రోడ్లకి వాహనాలు రానివ్వరు. ఆ రోజుల్లో వెళ్తుంటే అన్ని రాత్రులూ ముందే బుక్ చేసుకుని, ఆటో ఎక్కడిదాకా వస్తుందో, అక్కడి నుంచి సంచులతో ఎంత నడవాలో ఓనర్‌ని అడిగి పెట్టుకోండి.