సమాధానం: రాజరాజు నాటి తంజావూరు గుడి వీధుల పటం

బృహదీశ్వరాలయం చుట్టూ అప్పట్లో ఏముండేదో పటం గీద్దామంటే ఇప్పుడక్కడ ఆనవాళ్లే లేవన్నారు కదండీ. గుడి ప్రాకారం గోడ మీదున్న చోళరాజు రాజరాజు శాసనం పట్టుకోండి. వేరే గుళ్ల నుంచి రప్పించిన 400 మంది నర్తకీమణుల పేర్లు అందులో గుడి దగ్గర వాళ్లున్న ఇళ్ల అడ్రసులతో సహా ఉన్నాయి. దక్షిణ వీధి, దక్షిణ వరుస, మొదటి ఇల్లు, తర్వాత రెండో ఇల్లు... ఇలా సాగుతుంది. పోస్ట్‌మ్యాన్‌కీ పనికొస్తుంది! వరుసకి ఎన్నిళ్లో లెక్కేసుకుంటూ పోతే వీధులు తేలతాయి. ఆ అడ్రసుల్లో దూరాలుండవు కాబట్టి స్కేలు వేయకండి, వరుస క్రమం చూపిస్తే చాలు.

ఇంకోటి, ఇప్పుడు కనిపించే నంది మండపం, సుబ్రహ్మణ్యస్వామి గుడి చోళుల తర్వాత వచ్చిన తంజావూరు నాయక రాజుల కాలానివి. అమ్మవారి గుడి కూడా తర్వాతదే. గూగుల్ మ్యాప్ మీద గీస్తుంటే ముందు వాటిని తీసేయండి.