సంతకం కోసం వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి వనజకి,

మేనత్త ఆశీస్సులు. నీకిష్టమైన రచయిత్రి విశాఖలో పుస్తకాల షాపుకి వస్తున్నారని, సంతకం కోసం వెళ్తున్నానని చెప్తూ మొన్న ఫోన్లో "ఆవిడ ఎదురుగా నిలబడితే నోరు పెగలదేమో అత్తా, ఇప్పట్నించే టెన్షన్‌గా ఉంది" అన్నావు. నేను జవాబు చెప్పేలోగా మీ నాన్న ఫోను లాక్కుని ధాన్యం రేటు ఎత్తుకున్నాడు. రైలు మా పర్లాకిమిడి స్టేషన్లో ఆగే ఆ కాస్త సేపట్లో, కిటికీ ఊచల్లోంచి ఇదంతా చెప్పడం నావల్ల కాదు. అందుకని రాసి సంచీలో పెట్టాను. ముందు పులిహోర తిను, తర్వాత చదువు. చేతులు కడుక్కుని మరీ పుస్తకం ముట్టుకో.

నా సంగతి చెప్తాను. 1984లో నాకు ఇరవై ఏళ్లు. నాకెంతో ఇష్టమైన ఒక రచయిత విశాఖలో ఓ పుస్తకాల షాపుకి వస్తున్నారని పేపర్లో చూసి, రెండు రోజులు అన్నం మానేసి మీ తాతయ్యని ఒప్పించాను. ఇప్పుడు నువ్వు గుణుపురంలో ఎక్కి విశాఖలో దిగుతున్నావు. మాకు అలా కాదు. నౌపడ దాకా చిన్న రైలు, అక్కడ దిగి పెద్ద రైలు. ఆ చిన్న లైను పర్లాకిమిడి రాజావారు వేయించినది, 1900 నాటిది. 2011 నాటికి గాని దాని స్థానంలో పెద్ద లైను పూర్తి కాలేదు. విశాఖలో దిగేసరికి నా తెల్ల ఓణీ నిండా బొగ్గు నుసి.

కొత్త పుస్తకం కొనే డబ్బు లేదు. అందుకని లైబ్రరీ కాపీ పట్టుకెళ్లాను. నవ్వకు. దాని మీద సంతకం పెట్టించుకోవచ్చో లేదో అన్న ఆలోచనే రాలేదు. దారి పొడుగునా ఒక పేజీ ప్రసంగం బట్టీ పట్టాను. తీరా నా వంతు వచ్చేసరికి అంతా ఎగిరిపోయి, "మీకు ఇలాంటి ఆలోచనలు ఎలా వస్తాయండీ?" అన్నాను. ఆ సాయంత్రం నా ముందు నిలబడ్డ నలుగురిలో ముగ్గురు అదే అడిగారు. "అలా వస్తాయమ్మా" అన్నారాయన. పుస్తకం తెరిచి, లైబ్రరీ ముద్ర చూసి, "ఏ ఊరు?" అన్నారు. పర్లాకిమిడి అన్నాను. "ఒడిశాలోది కదూ? అక్కడ ఇంకా తెలుగు పుస్తకాలు చదివేవాళ్లున్నారా?"

"ఉన్నారండి" అన్నాను, నాకే వినపడనంత మెల్లిగా. అంతే. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆయన అడిగినదానికి జవాబు ఆయన చేతిలోనే ఉంది వనజా. ఆ పుస్తకం చివరి అట్ట లోపల తేదీల చీటీ ఉంటుంది కదా, ఒకటి నిండిపోతే దాని మీద ఇంకోటి అతికించి, అదీ సగానికి వచ్చింది. నేను ఆ పుస్తకం కోసం రెండు నెలలు కాచుకున్నాను. చివరి అట్ట తిప్పి చూపిస్తే చాలు, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. తిరుగు రైల్లో తట్టింది నాకు ఆ సంగతి.

అందుకని నీకు చెప్పేది ఒకటే. ఇంకెవరూ చెప్పలేనిది, నీ దగ్గర మాత్రమే ఉన్నది చెప్పు. "మీ రచనలంటే చాలా ఇష్టమండీ" అని వందమంది అంటారు. నువ్వు ఒడియా మీడియంలో చదివి, ఆవిడ నవల కోసం పద్దెనిమిదో ఏట తెలుగు అక్షరాలు దిద్దావని ఇంకెవరు చెప్తారు? మొదటి పది పేజీలకి నెలరోజులు పట్టిందని చెప్పు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి "అత్తా, పుస్తకంలో 'ఏటి' అని అచ్చేశారు, మన మాటే!" అని అరిచావే, అది చెప్పు. ఏ పేజీలో ఉందో గుర్తు పెట్టుకుని వెళ్లు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. రెండు వాక్యాలు చాలు.

ఇంకోటి. ఆవిడ ముందు 'ఏటి'ని 'ఏమిటి' చెయ్యకు. నిన్ను ఎరుగుదును, షాపులోకి అడుగుపెట్టగానే టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతావు. మన యాసకి సిగ్గుపడ్డానికి ఇది తగిన ఊరు కాదు. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే పిల్లలకి పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఆ ముసలి వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటూ అందరూ జరుపుతారు. ఆయన అక్కడికి వెళ్లారు, మనం ఇక్కడ మిగిలాం. ఆవిడకి ఈ సంగతంతా తెలిసే ఉంటుంది. నువ్వు చెప్పక్కర్లేదు. కానీ నీ గొంతులో వినిపిస్తే చాలు.

సంచీలో ఒక చీటీ పెట్టాను, దాని మీద నీ పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. దాన్ని సంతకం పెట్టే పేజీలో ఉంచి ఇవ్వు. వెనక లైను, పక్కన మైకు గోల, పేరు నోటితో చెప్తే సరిగ్గా వినపడదు. పైగా స్కూల్లో పదేళ్లు 'బొనొజా' అని పిలిపించుకున్నదానివి, కంగారులో నీ నోటికి కూడా అదే రావచ్చు! పెన్ను కూడా పెట్టాను, మామూలు బాల్‌పెన్. జెల్ పెన్నయితే ఆరక ముందే పుస్తకం మూస్తావు, ఎదురు పేజీకి అంటుకుంటుంది.

అక్కడికి వెళ్లాక ఒక పుస్తకం తప్పకుండా కొను. షాపు వాళ్లు కుర్చీలు వేసి, టీ పోసి, ఆవిణ్ణి రప్పిస్తే, మనం ఇంట్లోంచి తెచ్చిన పుస్తకం మీద ఊరికే సంతకం పెట్టించుకుని వచ్చేయడం బాగుండదు. (నేను చేసింది అదే. నా దగ్గర డబ్బుల్లేవు, నీ దగ్గర ఉన్నాయి.) నువ్వు చదివి నలిగిన కాపీ కూడా పట్టుకెళ్లు, మొహమాటపడకు. పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్న పేజీలు ఏ రచయితకైనా కొత్త కాపీ కంటే ఎక్కువ నచ్చుతాయని నా అనుకోలు. అంతేగాని ఏడు పుస్తకాలు మోసుకెళ్లి వరసగా పెట్టకు. వెనకవాళ్లు తిట్టుకుంటారు.

ఆరింటికి అని కార్డులో వేస్తే ఏడుకి మొదలవుతుంది. ముందు అధ్యక్షులు మాట్లాడతారు, తర్వాత ముఖ్య అతిథి మాట్లాడతారు, తర్వాత శాలువా. ఆవిడ చేతికి మైకు వచ్చేసరికే అందరికీ ఆకలి. సంతకాలు మొదలవగానే తోసుకుని ముందుకి పోకు, చివర్లో నిలబడు. ముందున్నవాళ్లకి అర నిమిషం దొరికితే చివరివాళ్లకి రెండు నిమిషాలు దొరుకుతాయి. రాత్రి ఎలాగూ మర్రిపాలెంలో చిన్నత్త ఇంట్లోనే కదా పడుకోవడం, తొందరేమీ లేదు.

నీ కథల నోటుబుక్కు సంచీలోంచి తియ్యకు. తీశావని తెలిస్తే నేను మాట్లాడను. అలసిపోయి కూర్చున్న మనిషి చేతిలో నలభై పేజీలు పెడితే, ఆవిడ మర్యాదకి తీసుకుంటుంది, నువ్వు ఆర్నెల్లు ఫోన్ కోసం ఎదురుచూస్తావు. నవల ముగింపు నీకు నచ్చలేదని నాకు చెప్పావు, నాతోనే ఉంచు. మొదటి పుస్తకం పీడీఎఫ్‌లో చదివానని మాత్రం పొరపాటున కూడా అనకు తల్లీ. ఫొటో కావాలంటే ముందు అడుగు, అడిగేముందే కెమెరా తెరిచి వెనకనున్నవాళ్ల చేతిలో పెట్టు.

ఆవిడ పాత కథలు ఎక్కడ దొరుకుతాయని అడగాలని ఉందన్నావు. అది ఆవిణ్ణి అడిగేది కాదు, ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో ఆవిడకే గుర్తుండకపోవచ్చు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని. తిరిగొచ్చేటప్పుడు ఆమదాలవలసలో దిగితే శ్రీకాకుళం పక్కనే. చిన్నత్త కొడుకుని తోడు తీసుకెళ్లు.

పట్టుకెళ్లడానికి ఏదైనా ఇవ్వమన్నావు. పచ్చడి సీసాలు వద్దు, ఆవిడ ఎక్కడ మోస్తుంది? కాగితంలో చుట్టిన చిన్న కొంగ ఉంది చూడు, మన ఊరి కొమ్ముపని. అరచేతిలో పడుతుంది. ఇస్తే ఇవ్వు, లేకపోతే నువ్వే ఉంచుకో.

ఒకవేళ ఆవిడ తలెత్తకుండానే సంతకం పెట్టి పుస్తకం నీ వైపు తోసేస్తే? అలానూ జరుగుతుంది. అంతసేపు కూర్చున్న మనిషికి నడుం నొప్పి ఉండదా? ఆ పుస్తకం రాసినప్పటి మనిషి వేరు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వేరు అనుకో. ఏడవాలనిపిస్తే చిన్నత్త ఇంటికి వెళ్లాక ఏడువు.

లైబ్రరీ పుస్తకం సంగతి సగంలో వదిలేశాను కదూ. ఆయన దాని మీద "పర్లాకిమిడి పాఠకులకి" అని రాసి, తేదీ వేసి ఇచ్చారు. తిరిగిచ్చిన రోజు లైబ్రేరియన్ చూసి, లైబ్రరీ పుస్తకం మీద పిచ్చిరాతలేమిటని జరిమానా వేశాడు. సంతకం ఎవరిదో చెప్తే నమ్మలేదు. ఆ తర్వాత నాలుగైదుసార్లు కేవలం ఆ పేజీ చూసుకోవడానికి ఆ పుస్తకం తెచ్చుకున్నాను. ఎవరో తీసుకెళ్లారు, మళ్లీ ఇవ్వలేదు. చదువుకోనీ పాపం అని పైకి అంటాను గాని, ఇప్పటికీ కోపమే.

నీ ఫోన్‌పేలో మూడొందలు వేశాను. ఆవిడ కొత్త పుస్తకం ఇంకోటి కొను. దాని మీద నా పేరు వద్దు. "పర్లాకిమిడి పాఠకులకి" అని రాయించు. సోమవారం నేనే తీసుకెళ్లి లైబ్రరీలో ఇస్తాను.

మీ మేనత్త