మూలికా చూర్ణాలపై ప్రభుత్వ తనిఖీ ఉంటుందా?
విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కీళ్ల నొప్పులకు చూర్ణం కొంటే దానిపై నియంత్రణ ఉంటుందా అన్నది ప్రశ్న. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం ఆయుర్వేద మందును అమ్మకం కోసం తయారుచేసేవారికి లైసెన్సు తప్పనిసరి. కాని అమ్మే దుకాణానికి అటువంటి లైసెన్సు అక్కరలేదు, తన రోగులకు స్వయంగా మందు నూరి ఇచ్చే వైద్యునికీ మినహాయింపు ఉంది. అసలు లొసుగు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వత్సనాభి, ముష్టి వంటి విషద్రవ్యాలతో చేసిన కడుపులోకి తీసుకునే మందుపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉండాలని నిబంధన చెబుతుంది (తెలుగు మాత్రమే చదవగలిగే పెద్దల సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు). ఇటువంటి చూర్ణాల్లో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి కనుక, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని పొట్లాన్ని కొనకూడదు.