రోగి గుండెలోని మాట కలిసి వినడం నేర్పేటప్పుడు

అమ్మాయీ,

మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ విద్యార్థులను ఒకచోట చేర్చి రోగుల ఆధ్యాత్మిక అవసరాల గురించి చెప్పబోతున్నావని విన్నాను. చాలా సంతోషం. ఉపన్యాసంతో మాత్రం మొదలుపెట్టకు. అందరూ కలిసి ఒకే రోగి మాట వినాలి.

జట్టుకు ఐదారుగురు చాలు, కోర్సుకు ఒకరైనా ఉండాలి. గంటన్నర పెట్టుకో: పావుగంట పరిచయం, ఇరవై నిమిషాలు రోగి పాత్రధారితో సంభాషణ, మిగతాదంతా చర్చ. చర్చలో మెడిసిన్ విద్యార్థి ముందు మాట్లాడితే మిగిలినవాళ్లు తాము గమనించింది మింగేసి తలాడిస్తారు. అందుకే నర్సింగ్ వాళ్లతో మొదలుపెట్టు.

రోగి ఆధ్యాత్మిక అవసరాలు అడిగి తెలుసుకోవడానికి అమెరికా డాక్టరు క్రిస్టినా పుచాల్స్కీ రూపొందించిన ఎఫ్‌ఐసీఏ పద్ధతిలో నాలుగే అంశాలు: విశ్వాసం, జీవితంలో దాని ప్రాముఖ్యం, అండగా నిలిచే సమూహం, చికిత్సలో దాన్ని ఎలా పట్టించుకోవాలన్నది. వీటిని టిక్కులు పెట్టే జాబితాగా మారనివ్వకు. "మీదే మతం?" అని అడిగితే ఏ మతమూ లేదన్న రోగి దగ్గర మాట ఆగిపోతుంది, కేస్ షీట్లో "అవసరాలు లేవు" అని పడుతుంది. "కష్టంలో మీకు ధైర్యమిచ్చేదేమిటి?" అంటే నాస్తికులూ మనసు విప్పుతారు.

పాత్రధారి చేత "ఏం పాపం చేశానని నాకీ జబ్బు?" అనిపించు. పిల్లలు వెంటనే ఓదారుస్తారు, లేదా రిపోర్టుల మీదికి మాట మళ్లిస్తారు. రెండూ రోగి నోరు మూయించేవే. కాసేపు ఆగి, "ఈ ఆలోచన ఎప్పటినుంచి బాధిస్తోంది?" అని అడగడం సాధన చేయించు.

కలిసి పనిచేయడం ఎందుకో తెలియాలంటే ఉపవాసం ఉంటానంటున్న షుగర్ రోగి కేసు ఇవ్వు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చని ఫార్మసీ విద్యార్థి పట్టుకోవాలి. ఎప్పుడెప్పుడు పరీక్షించాలో నర్సు, ఇంట్లో కనిపెట్టుకునేవారెవరో సోషల్ వర్కర్ చూస్తారు. డోసు మార్పు, ఉపవాసం అసలు క్షేమమా అన్నది డాక్టరు తేలుస్తారు. ఉపవాసం వెనకున్న మొక్కేమిటో ఎవరూ అడగకపోతే రోగి సరేనని తలూపి ఇంటికెళ్లి తన పద్ధతిలోనే చేస్తాడు.

విద్యార్థులు తమ విశ్వాసాన్ని రోగి మీద రుద్దకూడదు. ప్రార్థన రోగి అడిగితేనే. ఇష్టం లేని విద్యార్థి మర్యాదగా తప్పుకుని, ఆసుపత్రిలో రోగుల ఆధ్యాత్మిక అవసరాలు చూసే చాప్లిన్‌ను పిలవొచ్చు. తీవ్రమైన అపరాధభావం, దేవుడు వదిలేశాడన్న బాధ కనిపించినా చాప్లిన్‌కే అప్పగించాలి. చచ్చిపోవాలనుందంటే మాత్రం రోగిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకూ మానసిక వైద్యులకూ చెప్పాలి.

రికార్డులో రోగి మాటలనే రాయించు, అదీ చికిత్సకు అవసరమైనంతే. "ఇది మా బృందానికి చెప్పొచ్చా?" అని ముందే అడగాలి. మార్కులు వినడానికీ, సరైనవారికి అందించడానికీ వెయ్యి. విద్యార్థి ఏది నమ్ముతాడన్నదానికి వద్దు.